ఎండ ప్రాంతపు చిన్న వైన్ తోట: అరుదైన ద్రాక్ష రకాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వేసవిలో 40 డిగ్రీలు దాటే చోట కొద్ది ఎకరాల్లో ద్రాక్ష వేసి, సొంతంగా వైన్ తీసుకునేవారి నుంచి ఈసారి ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. అందరూ వేసే కాబర్నే, షిరాజ్ కాకుండా ఇంకేవైనా వేయాలన్నది చాలామంది ఆలోచన. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మూడెకరాల్లో కాబర్నే సావిన్యాన్, షార్డొనే ఉన్నాయి. ఏటా తీపి పరుగెడుతుంది, పులుపు పడిపోతుంది. ఎండను తట్టుకునే రకాలు వేయమంటున్నారు. ఏవి వేయాలి?

జవాబు: ఎండకు తీగ బతకడం వేరు, కాయలో పులుపు నిలవడం వేరు. గ్రెనాష్ ఎంత ఎండనైనా, ఎంత నీటి ఎద్దడినైనా ఓర్చుకుంటుంది కానీ దాని కాయలో పులుపు తక్కువ, రంగు కూడా అంతంతే. మీకు కావలసింది పులుపు నిలవడం.

ద్రాక్షలో ముఖ్యమైన ఆమ్లాలు రెండు: టార్టారిక్, మాలిక్. కాయ పండే దశలో శ్వాసక్రియకు మాలిక్ ఆమ్లాన్నే వాడేసుకుంటుంది. వేడి పెరిగేకొద్దీ, ముఖ్యంగా రాత్రులు కూడా చల్లబడని చోట, ఈ ఖర్చు ఎక్కువ. టార్టారిక్ మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. అందుకే టార్టారిక్ వాటా ఎక్కువగా ఉండేవి, ఆలస్యంగా పండేవి చూసుకోవాలి. ఆలస్యంగా పండే రకమైతే చివరి వారాలు కాస్త చల్లటి రోజుల్లో పడతాయి. ఎర్ర రకాల్లో రంగు సంగతీ ఉంది: కాయ వేడి 35 డిగ్రీలు దాటితే తొక్కలో రంగు తయారవడం బాగా మందగిస్తుంది.

తెల్ల వాటిలో అసిర్టికో, ఫియానో, వెర్మెంటీనో ముందు చూడండి. అసిర్టికో గ్రీసులోని సాంటొరీని దీవి రకం. తీపి బాగా పెరిగాక కూడా పులుపు వదలదు. అయితే ఆ దీవిలోని అగ్నిపర్వత నేలలో పొటాషియం చాలా తక్కువ, అక్కడి వైన్ పీహెచ్ (పులుపు ఎంత బలంగా ఉంటే అంత తగ్గే అంకె) అంత కిందికి ఉండటానికి అదీ ఒక కారణం. వేరే నేలలో అదే అంకె వస్తుందని ఆశపడొద్దు. ఇటలీలోని కంపానియా రకం ఫియానోకు చిన్న కాయ, మందపాటి తొక్క. ఎండకు త్వరగా కమలదు కానీ రసం తక్కువ దిగుతుంది. వెర్మెంటీనో దీనికి తిరగబడిన రకం: గుత్తులు పెద్దవి, రసం ధారాళం. కాపు తగ్గించకపోతే వైన్ నీళ్లలా ఉంటుంది.

ఎర్ర వాటిలో సిసిలీ రకం నెరో దావొలా మా మొదటి ఎంపిక. వేడిలోనూ పులుపు నిలుపుకుంటుంది, పెంచడం తేలిక. నీళ్లు ఎక్కువ పెడితే మాత్రం కాపు విపరీతంగా వచ్చి రంగు పలచబడుతుంది. పోర్చుగల్ రకం టూరిగా నసియొనాల్‌కు చిన్న కాయ, గాఢమైన రంగు, మంచి వాసన. దిగుబడి తక్కువ. కొమ్మలు నిటారుగా లేవక పక్కలకు వాలిపోతాయి కాబట్టి వాటిని నిలబెట్టే ఇనుప పట్టుతీగలు రెండు జతలైనా కావాలి. ఈ రకాన్ని 2021లో బోర్డో ప్రాంతపు నిబంధనల్లోకి కూడా తీసుకున్నారు. అక్కడ అనుమతి వచ్చిన ఆరు కొత్త రకాల్లో ఇదొకటి, కారణం పెరుగుతున్న వేడే. అల్యానికోలో పులుపు, వగరు రెండూ ఎక్కువే. చాలా ఆలస్యంగా పండుతుంది కాబట్టి మీ దగ్గర కోత చివర్లో వానలు పడేట్టయితే దాని జోలికి పోవద్దు. మూర్వెద్ర్‌కు తల మీద ఎండ ఎంత ఉన్నా పరవాలేదు, వేళ్లకు మాత్రం చివరిదాకా తడి ఉండాలి. నీరు తక్కువైతే ఆకు రాల్చేసి, పండటం ఆపేస్తుంది. జార్జియా రకం సపెరావికి గుజ్జు కూడా ఎర్రగానే ఉంటుంది. పులుపూ ఎక్కువే. పలచటి వైన్‌లో పదో వంతు కలిపినా రంగులో తేడా కనిపిస్తుంది.

టెంప్రనీయో స్పెయిన్ రకం కదా, ఎండకు పనికొస్తుందని చాలామంది వేస్తారు. ఇది తొందరగా పండే రకం, పులుపు తక్కువ, పీహెచ్ ఎక్కువ. స్పెయిన్‌లో దానికి పేరు తెచ్చిన రిబేరా దెల్ దువేరోలో తోటలు 800 మీటర్ల ఎత్తుకు అటూ ఇటూ ఉంటాయి, రాత్రులు బాగా చల్లబడతాయి. మీ రాత్రులు 25 డిగ్రీల దగ్గరే ఆగితే ఇది మీకు పనికొచ్చే రకం కాదు.

ప్రశ్న: కొత్త రకాలు నాలుగు, ఒక్కోటి 25 మొక్కల చొప్పున వేసి చూద్దామనుకుంటున్నాం. సరిపోతాయా?

జవాబు: మొక్కల లెక్క పీపా దగ్గర మొదలుపెట్టండి. మామూలు పీపా 225 లీటర్లది. ఆవిరైపోయే వైన్ స్థానంలో ఎప్పటికప్పుడు నింపడానికి, మడ్డి తీసేటప్పుడు పోయేదానికి కలిపి 260 లీటర్లు చేతిలో ఉండాలి. కిలో ఎర్ర ద్రాక్షకు 650 మిల్లీలీటర్లు వస్తుందనుకుంటే 400 కిలోలు కావాలి. వేడి ప్రాంతంలో నాణ్యత చూసుకుంటూ తీగకు 2 కిలోలు ఉంచితే 200 తీగలు. వరుసల మధ్య 2.5 మీటర్లు, మొక్కల మధ్య 1.5 మీటర్లు అనుకుంటే తీగకు 3.75 చదరపు మీటర్లు, అంటే 750 చదరపు మీటర్ల జాగా.

25 మొక్కలకు వచ్చేది 50 కిలోలు, వైన్ 30 లీటర్ల చిల్లర. రుచి చూడటానికి ఒక గాజు జాడీ నిండుతుంది, అంతే. అంత చిన్న మోతాదులో పులిసేటప్పుడు వేడి నిలవదు, గాలి సోకడం ఎక్కువ. వైన్ చెడితే తప్పు రకానిదా, జాడీదా అన్నది తేలదు. నాలుగు రకాలు 25 చొప్పున కాకుండా రెండు రకాలు 200 చొప్పున వేయండి. తెల్ల రకమైతే చిన్న ప్రెస్‌లో రసం 55 నుంచి 60 శాతమే దిగుతుంది, దానికి తగ్గట్టు ఇంకో 30 మొక్కలు కలుపుకోండి. ఒక్కో రకాన్ని పూర్తి వరుసల్లోనే పెట్టండి. ఒకే వరుసలో రెండు రకాలు కలిస్తే నీరు, మందు, కోత ఏదీ విడిగా చేయలేరు.

ప్రశ్న: నర్సరీవారు డాగ్‌రిడ్జ్ వేరుమూలం (అంటు కింద వేళ్లనిచ్చే మొక్క) మీద కట్టిన అంట్లు ఇస్తామంటున్నారు. ఎండకు, ఉప్పు నీటికి బాగా తట్టుకుంటుందట. తీసుకోవచ్చా?

జవాబు: తట్టుకునే మాట నిజమే. నులిపురుగులున్న ఇసుక నేలలో, ఉప్పు నీటితో టేబుల్ ద్రాక్ష పండించేవారికి అది అక్కరకొస్తుంది. వైన్‌కు మాత్రం రెండు చిక్కులున్నాయి. ఒకటి, తీగను విపరీతంగా పెంచుతుంది. ఆకు దట్టమై గుత్తులు నీడలో పడతాయి. రెండు, నేలలోని పొటాషియాన్ని ఎక్కువగా లాగుతుంది. ఆ పొటాషియం కాయలో టార్టారిక్‌తో కలిసి లవణమవుతుంది. పులిసేటప్పుడు అది పలుకులుగా అడుగుకు దిగిపోతుంది, పీహెచ్ పైకి పోతుంది. పులుపు కోసం అసిర్టికో ఎంచుకుని డాగ్‌రిడ్జ్ మీద కట్టించుకుంటే ఎంచుకున్న లాభం కొంత అక్కడే పోతుంది. రామ్సే అనే వేరుమూలం మీద కూడా ఇదే ఇబ్బంది.

రాళ్ల నేల, నీటి కొరత ఉంటే 110 ఆర్ లేదా 140 రుజ్జేరి వేరుమూలం అడగండి. సున్నం ఎక్కువున్న నేలకు 140 రుజ్జేరి మేలు. నీటిలో కొంత ఉప్పు ఉంటే 1103 పాల్సెన్. నేల ఇప్పటికే బలమైనదైతే 140 రుజ్జేరి తీగను మరీ ఏపుగా పెంచుతుంది, అక్కడ 110 ఆరే చాలు.

నాటేటప్పుడు అంటు ముడి నేలకు 10 సెంటీమీటర్లు పైన ఉండేట్టు చూడండి. ఎండకు ఎండకుండా మొదట్లో మట్టి ఎగదోసినా, చిగురు నిలదొక్కుకోగానే తీసేయాలి. మరిచిపోతే ముడి పైభాగం సొంతంగా వేళ్లు వేసుకుంటుంది. ఇక వేరుమూలం ఉన్నా లేనట్టే, వేళ్లను పట్టే ఫిలాక్సెరా పురుగుకు దారి తెరిచినట్టే.

ప్రశ్న: పన్నెండేళ్ల కాబర్నే తీగలున్నాయి. పీకేయకుండా వాటిమీదే నెరో దావొలా అంటు కట్టొచ్చా? ఎలా కట్టాలి, ఎందుకు విఫలమవుతుంది?

జవాబు: కట్టొచ్చు. రెండో ఏటే చెప్పుకోదగ్గ కాపు వస్తుంది. ముందు ఒక పరీక్ష తప్పదు: పాత తీగల్లో ఆకుచుట్టు వైరస్ ఉందేమో ల్యాబ్‌లో చూపించండి. కాబర్నేలో ఉంటే కోత తర్వాత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి ఎర్రబడి, అంచులు కిందికి ముడుచుకుంటాయి. వైరస్ ఉన్న మొద్దు మీద కట్టిన కొత్త రకానికి అది తప్పక ఎక్కుతుంది. ఉన్నట్టు తేలితే పీకేయడమే నయం.

తీగలు నిద్రలో ఉన్నప్పుడే నెరో దావొలా పుల్లలు సేకరించండి. పెన్సిల్ మందం, దగ్గర దగ్గర కణుపులు ఉండాలి. తడి కాగితంలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, 2 నుంచి 4 డిగ్రీల దగ్గర దాచాలి. కాగితంలోంచి నీరు కారకూడదు, బూజు పడుతుంది.

చిగుళ్లు జానెడు దాటి, మొద్దు బెరడు సులువుగా ఊడొచ్చే రోజుల్లో పని మొదలవుతుంది. అంటుకు వారం ముందు మొద్దును అది రెండు పక్క కొమ్మలుగా విడిపోయే చోటుకు ఒక అడుగు కింద కోసేయండి. అడుగున ఒకటి రెండు చిగుళ్లు వదలండి, వేళ్లకు తిండి అవే. అంటు రోజున మొద్దు మొదట్లో, నేలకు జానెడు ఎత్తులో, రెండు వైపులా రంపంతో చెక్కలోకి తగిలేట్టు గాట్లు పెట్టండి. వేళ్ల ఒత్తిడికి ఎగదన్నే రసం అక్కడే కారిపోవాలి. ఈ గాట్లు పెట్టకపోవడమే ఎక్కువ వైఫల్యాలకు మూలం. అంటు కట్టిన కన్ను (మొగ్గ) రసంలో మునిగి, రెండు వారాల్లో నల్లబడి, గోటితో తోస్తే ఊడిపోతుంది.

పైన పాత పొట్టు బెరడు గీకేసి నున్నటి చోట ఇంగ్లిష్ ‘టి’ అక్షరం ఆకారంలో గాటు పెట్టండి, నిలువు 4 సెంటీమీటర్లు. పుల్ల నుంచి కన్నును పలచటి చెక్కతో సహా తీసి, కన్ను మొన పైకి ఉండేట్టు బెరడు కిందికి దించండి. తలకిందులుగా పెట్టడం వినడానికి నవ్వులాటగా ఉంటుంది, సాయంత్రానికి అలిసిన చేతులు చేసే పనే అది. కన్ను వదిలి చుట్టూ తెల్ల అంటు టేపు బిగించండి. మొద్దుకు రెండు కళ్లు, ఎదురెదురు వైపుల. ఎండ తగిలే మొద్దంతా సున్నం లేదా నీళ్లు కలిపిన తెల్ల లేటెక్స్ గోడ పెయింట్ పూయండి, లేకపోతే పడమటి వైపు బెరడు కాలి చిట్లుతుంది.

మూడు నాలుగు వారాలకు కన్ను లేస్తుంది. కొత్త కొమ్మ అడుగు పెరగగానే కర్రకు కట్టండి, గాలికి ముడి దగ్గరే విరిగిపోతుంది. ఆరు వారాలకు టేపును వెనకవైపు నిలువునా కోయండి, కింద వదిలిన పాత చిగుళ్లను అప్పుడు తీసేయండి.

ప్రశ్న: డ్రిప్ రోజూ గంట వదులుతున్నాం. అయినా వడగాలి వచ్చినప్పుడు ఆకు వాడుతోంది. నీరు ఎంత పెట్టాలి?

జవాబు: రోజూ గంట అనడంలోనే తప్పుంది. పై జానెడు మట్టి మాత్రమే తడిసి, వేళ్లు అక్కడే అల్లుకుంటాయి. 42 డిగ్రీల రోజున ముందు ఆరేది ఆ జానెడే.

లెక్క ఇలా వేసుకోండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. వాతావరణ కేంద్రం ఇచ్చే ఆవిరి అంకె రోజుకు 8 మిల్లీమీటర్లు అనుకుందాం. నిండా ఆకు వేసిన తీగ వాడేది అందులో సుమారు సగం, 4 మిల్లీమీటర్లు. పిందె కట్టిన దగ్గర నుంచి కాయ రంగు తిరిగే దాకా అందులో సగమే ఇస్తాం, 2 మిల్లీమీటర్లు. 3.75 చదరపు మీటర్లకు రోజుకు 7.5 లీటర్లు, వారానికి 52. తీగకు గంటకు 2 లీటర్ల డ్రిప్పర్లు రెండు ఉంటే వారానికి 13 గంటలు. దాన్ని రెండు విడతలుగా, ఒక్కోసారి ఆరున్నర గంటలు రాత్రిపూట వదలండి. బాగా ఇసుక నేలైతే మూడు విడతలు చేయండి. పగలు నేలమీది నల్ల పైపులో నిలిచిన నీరు చెయ్యి పెట్టలేనంత కాగుతుంది, రాత్రి పెట్టమనడానికి అదొక కారణం.

సగమే ఇవ్వడం వల్ల కొమ్మ ఆగి, కాయ చిన్నదై, తొక్క వాటా పెరుగుతుంది. తక్కువ సరిపోయిందా లేదా అన్నది కొమ్మ కొస చెబుతుంది. నులితీగలు కొసను దాటి ముందుకు చాచి ఉంటే ఇంకా పెరుగుతోందన్నమాట. నులితీగలు వాలి, కొస వాటికంటే వెనకబడితే సరైన చోట ఉన్నారు. కొస ఎండి రాలితే, గుత్తి దగ్గరి ఆకులు పసుపుబారితే హద్దు దాటారు. కాయ రంగు తిరిగాక ఈ కటకట పెట్టొద్దు, తీగ వాడే నీటిలో 60 నుంచి 70 శాతం దాకా ఇవ్వండి. అప్పుడు ఆకు పోతే తీపి కూడా ఆగిపోతుంది.

వడగాలి హెచ్చరిక వస్తే రెండు మూడు రోజుల ముందే నిండుగా తడపండి. ఆకు రంధ్రాలు తెరుచుకుని ఉన్నంతసేపే తీగ తనను తాను చల్లబరుచుకోగలదు. వాడాక పెట్టిన నీరు ఆ రోజు కాయను కాపాడదు.

ప్రశ్న: పుస్తకంలో చెప్పినట్టు గుత్తుల దగ్గర ఆకు దులిపాం. వారంలో కాయలు గోధుమ రంగుకు తిరిగి ముడుచుకున్నాయి. ఎందుకు?

జవాబు: అది చల్లటి ప్రాంతాల సలహా. నేరుగా ఎండ పడే కాయ చుట్టూ ఉన్న గాలికంటే 10, 12 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. గాలి 38 ఉంటే కాయ 50 దగ్గరికి వెళుతుంది, తొక్క ఉడికిపోతుంది. ఆకు తీయాల్సి వస్తే పొద్దుటి ఎండ తగిలే వైపే, అదీ పిందెలు బఠాణీ గింజంత కాకముందే తీయండి. చిన్నప్పటి నుంచి ఎండ చూసిన కాయ కొంత అలవాటు పడుతుంది. ఎదిగాక ఒక్కసారి బయటపెడితే కాలుతుంది.

ఇప్పుడున్న తోటకు పడమటి వైపు గుత్తుల ఎత్తులో 30 నుంచి 40 శాతం నీడ వల కట్టండి. లేదా లీటరు నీటికి 30 నుంచి 50 గ్రాముల కేయోలిన్ (తెల్ల బంకమట్టి పొడి) కలిపి, గుత్తి తెల్లగా కనిపించేదాకా కొట్టండి, వాన పడితే మళ్లీ కొట్టాలి. కొత్తగా నాటేవారు వరుసల దిక్కు ముందే సరిచూసుకోవచ్చు. కాయ పండే నెలలో, మధ్యాహ్నం రెండున్నర, మూడు గంటలకు పొలంలో ఒక కర్ర నిలువునా పాతి, దాని నీడ పడిన గీత వెంబడే వరుసలు వేయండి. ఆ వేడి సమయంలో ఎండ ఆకుల పైభాగం మీద పడుతుంది, గుత్తుల మీద కాదు.

ప్రశ్న: బూడిద తెగులుకు గంధకం ఎప్పటిదాకా కొట్టొచ్చు?

జవాబు: కోతకు ఐదు వారాల ముందు ఆపేయండి. కాయ మీద మిగిలిన గంధకం పులిసేటప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన తెస్తుంది. 32 డిగ్రీలు దాటే రోజుల్లో అసలు కొట్టొద్దు, ఆకు మాడుతుంది.

ప్రశ్న: మా ఎర్ర ద్రాక్ష రసం పీహెచ్ 3.9. టార్టారిక్ ఆమ్లం ఎంత కలపాలి? పీహెచ్ ఎక్కువైతే నిజంగా అంత ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే. వైన్‌ను కాపాడే సల్ఫర్ డయాక్సైడ్ బలం పీహెచ్‌ను బట్టి మారుతుంది. సూక్ష్మజీవుల మీద ఒకే స్థాయి రక్షణకు పీహెచ్ 3.2 దగ్గర లీటరుకు 20 మిల్లీగ్రాముల స్వేచ్ఛా (వేరే పదార్థాలతో కలిసిపోకుండా విడిగా ఉన్న) సల్ఫర్ డయాక్సైడ్ చాలు. 3.5 దగ్గర 40, 3.8 దగ్గర 80 కావాలి. 80 అంటే ముక్కుకు తెలుస్తుంది.

లీటరుకు ఒక గ్రాము టార్టారిక్ కలిపితే పీహెచ్ సుమారు 0.1 తగ్గుతుంది. 3.6కి తేవాలంటే లీటరుకు 3 గ్రాములు. ఇక్కడ చాలామంది పొరబడేది పరిమాణం దగ్గర. 500 కిలోల నలిపిన ద్రాక్షను 500 లీటర్లుగా లెక్కేస్తారు. అందులో రసం సుమారు 330 లీటర్లే, కాబట్టి కావలసింది ఒక కిలోకు కాస్త తక్కువ. ముందు మూడు గ్లాసుల్లో లీటరుకు 1, 2, 3 గ్రాముల లెక్కన కలిపి మీటరుతో చూడండి. పొటాషియం ఎక్కువున్న రసంలో కొంత ఆమ్లం పలుకులై పోతుంది కాబట్టి మూడింట రెండొంతులు ఈస్ట్ వేయకముందే కలిపి, మర్నాడు కొలిచి మిగతాది వేయండి. ఎంతవరకు కలపొచ్చన్న హద్దు దేశాన్ని బట్టి ఉంటుంది, చూసుకోండి.

ఏటా 3 గ్రాములు కలపాల్సి వస్తోందంటే కోత రోజు ఆలస్యమవుతోందేమో చూడండి. వరుసకు రెండు వైపుల నుంచీ, గుత్తి పై, మధ్య, కింది భాగాల నుంచీ 150 కాయలు తీసి, నలిపి, బ్రిక్స్‌తో (రసంలో తీపి కొలత) పాటు పీహెచ్ కూడా రాసుకోండి. కోతకు రెండు వారాల ముందు నుంచి మూడు రోజులకోసారి ఈ పని చేయాలి. తెల్ల రకం 20 నుంచి 22 బ్రిక్స్, పీహెచ్ 3.3 లోపు, ఎర్ర రకం 23 నుంచి 25 బ్రిక్స్, పీహెచ్ 3.6 లోపు కోస్తే మంచిది. రెండిట్లో ఏది ముందు హద్దుకు వస్తే దాన్నే నమ్మండి. కోత తెల్లవారకముందే ముగియాలి.

ప్రశ్న: కొత్త రకం రెండు వరుసలే ఉంది. పిట్టలు అంతా ఊడ్చేశాయి.

జవాబు: చుట్టుపక్కల ఏదీ పండనప్పుడు మీ రెండు వరుసలే పండితే అలాగే అవుతుంది. రంగు తిరగగానే వల కప్పండి, కింది అంచులు మోడు దగ్గర క్లిప్పులతో మూయండి. తప్పెట్లు, మెరిసే రిబ్బన్లు నాలుగు రోజుల ముచ్చటే.

ప్రశ్న: సీసా మీద రకం పేరు వేసుకోవాలంటే వైన్ మొత్తం ఆ రకందే కావాలా?

జవాబు: అక్కర్లేదు. యూరోపియన్ యూనియన్, ఆస్ట్రేలియాలో 85 శాతం, అమెరికాలో సాధారణంగా 75 శాతం ఆ రకం ఉంటే పేరు వేయొచ్చు. అమెరికాలోనైతే ఆ పేరు అనుమతించిన రకాల జాబితాలో ఉండాలి కూడా. పీపాలో తగ్గిన వైన్ నింపడానికి వాడిన వేరే రకం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. చిన్న మోతాదుల్లో ఏడాదిలో అది పది శాతం దాటడం మామూలే. ఏ పీపాలో ఏ తేదీన ఏ రకం ఎన్ని లీటర్లు పోశారో అప్పటికప్పుడు పుస్తకంలో ఎక్కించండి.